హాబ్ మూలన మొదలైన చీలిక: గుంటూరులో ఒక అక్రిలిక్ సాలిడ్ సర్ఫేస్ గట్టు కేసు

ఇల్లు గుంటూరులో, ఐదో అంతస్తు ఫ్లాట్. వంటగది పడమటి వైపు. ఎల్ ఆకారపు గట్టు: కిటికీ కింద గోడ నుంచి గోడకి 11 అడుగుల పొడుగు భుజం, దానికి అడ్డంగా 6 అడుగుల చిన్న భుజం. పొడుగు దాంట్లో గ్యాస్ హాబ్ (గట్టులో రంధ్రం కోసి దించే పొయ్యి), చిన్న దాంట్లో సింక్. మెటీరియల్ 12 మిల్లీమీటర్ల మందం ఉన్న తెల్ల అక్రిలిక్ సాలిడ్ సర్ఫేస్. సింక్ కూడా అదే మెటీరియల్‌తో చేసి గట్టులో కలిపేశారు. ఎక్కడా అతుకు కనపడదు. బిగించి ఏడాది దాటాక, మే నెలలో పగిలింది.

నన్ను పిలిచేసరికి ఇద్దరు రెండు మాటలు చెప్పి ఉన్నారు. బిగించిన ఫ్యాబ్రికేటర్ "మెటీరియలే అంత, వేడి తగలకూడదు" అన్నాడు. షీట్ అమ్మిన షాపువాళ్లు "బిగింపులో తప్పుంది, షీట్‌కి ఏమీ కాదు" అన్నారు. ఇంటివాళ్లు మాత్రం మొత్తం పీకేసి గ్రానైట్ వేయించాలని దాదాపు నిర్ణయించేసుకున్నారు. ఆ నిర్ణయం సరైందా కాదా చెప్పమని నన్ను అడిగారు. మన దగ్గర సాలిడ్ సర్ఫేస్ పగిలిన కేసులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి కాబట్టి, ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ మెటీరియల్ ఏమిటి

చూపుకి రాయిలా ఉంటుంది, చేతికి రాయంత చల్లగా ఉండదు. బరువులో మూడింట ఒక వంతు అక్రిలిక్ రెసిన్, రెండు వంతులు అల్యూమినా ట్రైహైడ్రేట్ అనే తెల్లటి ఖనిజప్పొడి, వాటితోపాటు కొద్దిగా రంగు. పొడి బాక్సైట్ నుంచి వస్తుంది. రెసిన్ సైన్‌బోర్డుల్లో వాడే అక్రిలిక్ జాతిదే. 1967లో డ్యూపాంట్‌లో డొనాల్డ్ స్లోకమ్ తయారుచేసిన కోరియన్ ఇందులో మొదటిది. ఇప్పుడు హై-మ్యాక్స్, స్టారాన్ లాంటివీ ఉన్నాయి. మన ఊళ్లలో బిల్లు మీద మాత్రం ఏ షీట్ వేసినా 'కోరియన్' అనే రాస్తారు, కాబట్టి బిల్లు చూసి షీట్ ఏదో చెప్పలేం.

దీని గొప్పతనాలన్నీ రెసిన్ వల్లే వచ్చాయి. రంధ్రాలు ఉండవు కాబట్టి నీళ్లూ నూనే లోపలికి దిగవు. అదే జాతి గమ్‌తో అతికించి రుద్దితే అతుకు కంటికి ఆనదు. గీత పడితే ఎమరీతో రుద్దుకోవచ్చు. ఓవెన్‌లో 150, 160 డిగ్రీల దాకా వేడి చేస్తే వంగుతుంది. బలహీనతలు వచ్చింది కూడా ఆ రెసిన్ నుంచే. 100 డిగ్రీల చుట్టుపక్కల అక్రిలిక్ మెత్తబడటం మొదలవుతుంది. వేడికి సాగడం కూడా ఎక్కువ: ఒక మీటరు పొడవు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.03 నుంచి 0.04 మిల్లీమీటర్లు. గ్రానైట్‌తో పోలిస్తే ఇది నాలుగైదు రెట్లు. జనవరి తెల్లవారుజాముకీ, పడమటి ఎండ పడే మే మధ్యాహ్నానికీ గట్టు వేడిలో 30 డిగ్రీల తేడా అనుకుంటే, 11 అడుగుల ముక్క 3, 4 మిల్లీమీటర్లు పెరిగి తగ్గాలి.

మన మేస్త్రీల చేతికి గ్రానైట్ అలవాటు. గ్రానైట్‌ని గోడకి ఆనించి, సందు లేకుండా, కదలకుండా కూర్చోబెట్టినవాడే పనిమంతుడు. అదే అలవాటుతో దీన్నీ బిగిస్తారు.

వచ్చిన ఫిర్యాదు

ఇంటావిడ చూపించిన మొదటి సమస్య చీలిక కాదు, మరకలు. సింక్ పక్కన పసుపు, హాబ్ పక్కన కారం నూనె ఎరుపు. ఏడాదిగా నిమ్మచెక్కలు రుద్దుతున్నారట. గిన్నెలు తోమే పీచుకి కాస్త క్లీనింగ్ పౌడర్ అద్ది గుండ్రంగా రుద్దితే అక్కడికక్కడే పోయాయి. "ఇంతేనా అండీ! మెత్తని గుడ్డతో తప్ప ముట్టుకోవద్దని చెప్పారు మాకు" అన్నారావిడ. మెరిసే పాలిష్ పెట్టిన ముదురు రంగు షీట్లకి ఆ జాగ్రత్త అవసరమే. మెరుపు లేని తెల్ల షీట్‌కి అక్కర్లేదు. మరక షీట్ లోపలికి దిగదు, పైనున్న సన్న గీతల్లో ఇరుక్కుంటుంది. కిటికీకి దగ్గరగా పసుపు మరకలు తక్కువగా ఉండటం కూడా గమనించాను. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది.

రెండోది, హాబ్ పక్కన కుక్కర్ దించిన చోట తెల్లగా పాలిపోయిన వలయం. లోతు లేదు, రుద్దితే పోయేదే.

మూడోది అసలు సమస్య. రెండు చీలికలు. ఒకటి హాబ్ ముందరి కుడి మూల నుంచి గట్టు అంచు దాకా. ఇంకొకటి వెనక ఎడమ మూల నుంచి కిటికీ గోడ వైపు, సగం దూరం. ఫ్యాబ్రికేటర్ అప్పటికే ముందరి చీలికలో తెల్ల గమ్ నింపి రుద్ది వెళ్లాడు. పని శుభ్రంగానే చేశాడు. నెల తిరగకముందే ఆ గమ్ గీత పక్కనే, దానికి సమాంతరంగా, కొత్త చీలిక వచ్చింది. ఈ వివరం నాకు చాలా పనికొచ్చింది. గమ్ ఊడలేదు, అతికిన చోటు గట్టిగానే ఉంది. అంటే లాగుతున్న బలం ఇంకా అక్కడే ఉంది. ఆ బలం ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా ఎన్నిసార్లు నింపినా పక్కన పగులుతుంది.

ముందు షీట్ సంగతి

షీటే నాసిరకం అయితే మిగతా పరిశోధన దండగ. తక్కువ ధరకి దొరికే షీట్లలో కొన్నిటిలో అక్రిలిక్‌తో పాలియెస్టర్ రెసిన్ కలుపుతారు, అల్యూమినా పొడికి బదులు సున్నపురాయి పొడి వేస్తారు. అవి పెళుసుగా ఉంటాయి, ఎండకి పసుపుబారతాయి. అలాంటిదైతే పీకేయండి అనే చెప్పేవాణ్ణి.

అదృష్టం కొద్దీ, హాబ్ కోసం కోసి తీసిన ముక్కని ఆవిడ పారేయనివ్వలేదు. చపాతీలు ఒత్తుకోవడానికి వాడుతున్నారు. అడిగి దాని అంచు నుంచి రెండు పట్టీలు కోయించుకున్నాను. ఒకదాని మీద బాత్‌రూమ్ యాసిడ్ చుక్క వేస్తే పొంగలేదు. సున్నపురాయి పొడి ఉంటే బుసబుసా పొంగేది. రుద్దినప్పుడు పాలియెస్టర్ ఘాటు వాసన రాలేదు. రెండో పట్టీని షెడ్డు ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చక్కగా వంగింది. పాలియెస్టర్ ఎక్కువున్నది అలా వంచితే విరుగుతుంది. షీట్ మంచిదే. షాపువాళ్లు చెప్పింది అంతవరకు నిజం.

ఆ చపాతీ ముక్క ఇంకో సాక్ష్యం కూడా ఇచ్చింది. దాని నాలుగు మూలలూ పదునైన లంబకోణాలు. రూటర్‌తో (తిరిగే బిట్‌తో చెక్కే మిషన్‌తో) కోసిన రంధ్రం మూలలు గుండ్రంగా ఉంటాయి, బయటికొచ్చిన ముక్క మూలలూ గుండ్రంగానే ఉంటాయి. ఇది మార్బుల్ కట్టర్‌తో నిటారుగా కోసింది. కింది డ్రాయర్లు తీసి టార్చి వేసి చూస్తే అనుమానం తీరిపోయింది. ప్రతి మూల దగ్గరా రెండు కోతలూ ఒకదాన్నొకటి దాటి నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాయి. బట్ట చించే ముందు అంచున కత్తెరతో గాటు పెట్టినట్టే ఇది. రెండు చీలికలూ సరిగ్గా ఆ గాట్ల కొసల నుంచే మొదలయ్యాయి.

కానీ గాటు దానంతటది చినగదు. లాగేది కావాలి. నాలుగు మూలల్లోనూ గాట్లున్నాయి, పగిలినవి రెండే.

లాగుతున్నదేమిటి

రెండు అనుమానాలు. ఒకటి, పొడుగు భుజం రెండు కొసలూ గోడల్లో ఇరుక్కుపోయాయి. విజిటింగ్ కార్డు దూరే సందు కూడా లేదు. పైగా కింద పూర్తి ప్లైవుడ్ పరిచి, గట్టిపడిపోయే ఎపాక్సీ గమ్‌తో షీట్‌ని దానికి మొత్తం అతికించేశారు. సాగడానికీ లేదు, కుంచించుకోవడానికీ లేదు. రెండు, హాబ్ వేడి. ప్లైవుడ్ అడ్డంగా ఉండటంతో వేడి కిందికి పోయే దారి లేదు. రంధ్రం అంచుకి అల్యూమినియం టేప్ వేయలేదు, హాబ్‌కీ షీట్‌కీ మధ్య ఖాళీ లేదు.

"ఎప్పుడు పగిలిందో గుర్తుందా అమ్మా?" అని అడిగాను.

"బాగా గుర్తుంది. ఆ రోజు పదిహేను మందికి వంట. అందరూ తిని, వంటిల్లు సర్దేసి పడుకోబోతుంటే టక్‌మంది. స్టవ్ మీద ఏమీ లేదు కూడా."

మంట మీద ఉన్నప్పుడు కాకుండా చల్లారాక పగలడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. లెక్క ఇది. హాబ్ పక్కనున్న భాగం వేడెక్కి సాగాలనుకుంటుంది. చుట్టూ చల్లగా ఉన్న భాగం సాగనివ్వదు. వేడి ఎక్కువైతే ఆ చోట రెసిన్ కాస్త మెత్తబడి, ఉన్న జాగాలోనే అణిగిపోతుంది. చల్లారేటప్పుడు మళ్లీ గట్టిపడి, తన పాత కొలత కంటే కొంచెం తక్కువకి కుంచించుకోవాలని చూస్తుంది. అప్పుడు లాగుడు మొదలవుతుంది, గాటున్న మూల తెగుతుంది. పడుకునే వేళ వచ్చిన ఆ శబ్దం ఈ లెక్కకి సరిపోయింది. అయితే పొడుగు ముక్క మొత్తం రాత్రి చల్లబడి కుంచించుకుంటున్నా అదే సమయానికి పగులుతుంది. ఒక్క శబ్దంతో రెండిటినీ విడదీయలేం.

విడదీయడానికి చౌకైన పని ముందు చేయించాను. చీలికల కొసల దగ్గర పెన్సిల్ గీత, తేదీ. రెండు గోడల దగ్గరా మల్టీటూల్‌తో 3 మిల్లీమీటర్ల సందు తీయించి మెత్తటి సిలికాన్ నింపించాను. గట్టు కదిలించే పనిలేదు, వంట ఆపే పనిలేదు. చీలిక దీనితోనే ఆగిపోతే ఇంటివాళ్లకి ఖర్చు మిగులుతుంది, ఆగకపోతే వేడిదే ప్రధాన పాత్ర అని తెలుస్తుంది.

ముందరి చీలిక గీత దగ్గరే ఆగిపోయింది. వెనకది గీత దాటి వెళ్లింది.

వెనక ఎడమ మూలన ఏముందో చూస్తే హాబ్‌లోని పెద్ద బర్నర్ ఆ వైపే ఉంది. పెద్ద గిన్నె పెట్టి మరిగించమని, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూశాను. గిన్నె అడుగు హాబ్ గాజు దాటి గట్టు మీదికి వచ్చింది. మంట గిన్నె అడుగుకి తగిలి పక్కలకి పాకుతోంది. గిన్నెకీ గోడ టైల్స్‌కీ మధ్య వేడి చిక్కుకుపోయి, ఆ సన్న పట్టీ 90 డిగ్రీలు దాటింది. మామూలు కూరగిన్నె పెడితే అదే చోట 50 కూడా చేరలేదు. పైగా ఈ పట్టీ మీద మధ్యాహ్నం కిటికీ ఎండ కూడా పడుతుంది.

ఏ దారి

టేప్ వేసి, మూలలు గుండ్రం చేసి, కొత్త ముక్క అతికించడం ఒక దారి. తయారీ సంస్థల సూచనల ప్రకారం హాబ్ చుట్టూ అలా చేస్తే ఈ మెటీరియల్ నిలుస్తుంది. మామూలు వాడకానికి నేనూ అదే చేస్తాను. ఇక్కడ నన్ను ఆపింది గిన్నె. "పెద్ద గిన్నె పెట్టకండి అంటే ఎట్లా అండీ, పండక్కి ఏం చేయను?" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వంట మనిషి అలవాటు మార్చుకుంటేనే నిలిచే మరమ్మతుని నేను మరమ్మతు అనను.

మొత్తం గ్రానైట్ రెండో దారి. కానీ సింక్ దగ్గర ఈ గట్టు అద్భుతంగా పనిచేస్తోంది. ఏడాది నీళ్ల వాడకం తర్వాత కూడా సింక్ చుట్టూ నల్లటి చారలు లేవు, కింద చెక్క ఉబ్బలేదు. దాన్ని పీకడం నాకు మనసొప్పలేదు.

ఇంటి అబ్బాయి క్వార్ట్జ్ అడిగాడు. అందులోనూ రెసిన్ ఉంటుంది, వేడి గిన్నె దానికీ పడదు. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఇంజనీర్డ్ క్వార్ట్జ్‌లో సిలికా చాలా ఎక్కువ, కోసేటప్పుడు లేచే దుమ్ముతో పనివాళ్లకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దాన్ని నిషేధించింది. మన దగ్గర ఫ్లాట్లలోనే, మూతికి చేతిరుమాలు కట్టుకుని, నీళ్లు పోయకుండానే కోస్తారు. సాలిడ్ సర్ఫేస్ పొడిలో సిలికా ఉండదు కానీ మాస్క్ దానికీ కావాలి.

చివరికి నేను చెప్పింది: హాబ్ ఉన్న 30 అంగుళాల భాగం ముందు నుంచి వెనకదాకా పూర్తిగా తీసేసి అక్కడ చీమకుర్తి నల్ల గ్రానైట్ వేద్దాం, మిగతాదంతా ఉంచుదాం. అప్పుడు సాలిడ్ సర్ఫేస్‌కి హాబ్ దగ్గర లోపలి మూలలే ఉండవు, రెండు నిటారు అంచులు తప్ప. ఆవిడకి నచ్చలేదు. అతుకు లేదనే కదా ఇంత డబ్బు పెట్టింది అన్నారు. నిజమే. కానీ అతుకు లేకపోవడం ఉపయోగపడేది నీళ్లు నిలిచే చోట, అంటే సింక్ దగ్గర. అక్కడ అతుకు రావడం లేదు. పొయ్యి పక్కన 3 మిల్లీమీటర్ల సిలికాన్ గీత వల్ల చూపుకి తప్ప నష్టం లేదు. నలుపు తెలుపు పక్కపక్కన ఎలా ఉంటుందో చూపించడానికి ఒక గ్రానైట్ ముక్క గట్టు మీద పెట్టి వచ్చాను. మరుసటి వారం సరే అన్నారు.

చేసిన పని

హాబ్ భాగం తీశాక కుడివైపు ముక్క విడిగా వచ్చింది. దాన్ని విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్డుకి తీసుకెళ్లి, ప్లైవుడ్‌ని రూటర్‌తో చెక్కేసి, అంచుల వెంట సన్న పట్టీల మీద సిలికాన్ చుక్కలతో కూర్చోబెట్టాం. ఎడమవైపు ముక్క చిన్న భుజంతోనూ సింక్‌తోనూ కలిసిపోయి ఉంది. వంటగది తలుపులోంచి బయటికి రాదు. అంతా ఒకే ముక్క కావడం ఎంత గొప్పో, మరమ్మతు రోజున అంత తలనొప్పి. కింద పడుకుని, క్యాబినెట్ గదుల మధ్య ప్లైవుడ్‌ని భాగాలుగా కోసి తీయాల్సి వచ్చింది. అంచుల వెంట మిగిలిన పట్టీలకి కూడా అడుగుకొకటి చొప్పున కోత పెట్టించాను, షీట్‌ని పట్టి ఆపకుండా.

ఎల్ మలుపు లోపలి మూల కూడా పదునుగానే ఉంది. అది పగల్లేదు. అయినా పనిముట్లు ఇంట్లో ఉండగానే ఆ పని కూడా ముగించాం. స్పిరిట్‌తో తుడిచి, చపాతీ ముక్కలోంచి కోసిన దిమ్మని రెండు భాగాల అక్రిలిక్ గమ్‌తో మూలలో అతికించి, రూటర్‌తో గుండ్రంగా తిప్పాం. ఆ గమ్ వేడికి తొందరగా బిగుస్తుంది, అందుకే పొద్దున్నే పెట్టుకున్నాం. 180, 320 నంబర్ ఎమరీలు, ఆ తర్వాత బూడిదరంగు స్కాచ్‌బ్రైట్. అదే షీట్ ముక్క కాబట్టి రంగు తేడా రాలేదు. బయట కొత్త షీట్ కొనుంటే బ్యాచ్ మారి తెలుపులో తేడా కొట్టేది.

గ్రానైట్ 18 మిల్లీమీటర్లు, షీట్ 12. పైభాగాలు సమానంగా రావాలని గ్రానైట్ కింది మద్దతు 6 మిల్లీమీటర్లు దించాం. గ్రానైట్‌లో హాబ్ రంధ్రానికి కూడా ముందు నాలుగు మూలల్లో కోర్ బిట్‌తో గుండ్రటి తూట్లు వేసి, వాటిని కలుపుతూ కోయించాను. మేస్త్రీ "రాయికి ఇదంతా ఎందుకు సార్" అన్నాడు. పదును మూల రాయికీ మంచిది కాదు, రాయి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది అంతే.

ఆ తర్వాత

మరో వేసవి గడిచింది, పెద్ద గిన్నెలతో సహా. కొత్త చీలిక లేదు. జనవరిలో చూసినప్పుడు గ్రానైట్ పక్క సిలికాన్ గీత మే నెలలో కంటే స్పష్టంగా వెడల్పుగా ఉంది. అంటే షీట్ కదులుతోంది, నాకు కావలసిందీ అదే. ఒకవైపు సిలికాన్ అంచు విడింది, కోసి మళ్లీ వేయించాను. కొన్నేళ్లకోసారి ఆ పని ఉంటుందని ఇంటివాళ్లకి ముందే చెప్పి ఉంచాను.

దీని తర్వాత వంటగది పని ఒప్పుకునేముందు నేను మొదట అడిగేది రంగు కాదు, ఇంట్లో అన్నిటికంటే పెద్ద గిన్నె. దాన్ని హాబ్ కొలత కాగితం మీద పెట్టి చూస్తాను. అడుగు కాగితం దాటితే హాబ్ భాగం రాయి. దాటకపోతే సాలిడ్ సర్ఫేస్‌కే ఒప్పుకుంటాను, పని కాగితంలో మాత్రం ఇవి రాయిస్తాను: రంధ్రాలు రూటర్‌తోనే, లోపలి మూలలు గుండ్రంగా, మూలల కింద అదే షీట్ దిమ్మలు, అంచుకి అల్యూమినియం టేప్, కింద పూర్తి ప్లైవుడ్ వద్దు, గోడల దగ్గర సందు. ఫ్యాబ్రికేటర్లు సందు విషయంలోనే ఎక్కువ వాదిస్తారు. పైన గోడ పట్టీ వస్తుంది, సందు ఎవరికీ కనపడదని చెబితే ఒప్పుకుంటారు.

పొయ్యి లేని చోట్ల, అంటే డెంటల్ క్లినిక్ కౌంటర్లు, ల్యాబ్ బల్లలు, చేతులు కడుక్కునే బేసిన్ల దగ్గర, నేను ఇప్పటికీ గ్రానైట్ కంటే ముందు దీన్నే చెబుతాను. అక్కడ కూడా పెయింట్ తీసే ద్రావకాలు, అసిటోన్ దగ్గరికి రానీయకూడదు. మిగిలిన షీట్ ముక్క ఒకటి బ్యాచ్ నంబర్ రాసి యజమాని దగ్గరే ఉంచమంటాను. చపాతీలు చేసుకున్నా అభ్యంతరం లేదు.